తుని నుంచి, ఆరు పీఎస్‌ఐ గురించి

తుని,
మే నెల, ఆదివారం పొద్దున్న

ప్రియమైన మీకు,

అక్కడ ఎండలు ఎలా ఉన్నాయి? ఇక్కడ పొద్దున్న ఎనిమిదింటికే గుమ్మంలో నిలబడలేకపోతున్నాం. మామిడి లారీలు బారులు తీరి ఉన్నాయి, వీధంతా పండు వాసనే. మోకాళ్ళ నొప్పి అని పోయిన ఉత్తరంలో రాశారు, కాస్త తగ్గిందా? అమ్మాయి పరీక్షలు బాగా రాసిందని చదివి మా ఇంట్లో అందరం సంతోషపడ్డాం. ఆ మాట తనకి చెప్పండి.

ఈసారి జవాబు ఆలస్యమైంది. మీరు అడిగిన ప్రశ్న అలాంటిది. "మావాడు పాత స్విఫ్ట్ పెట్రోలు బండికి సూపర్‌ఛార్జర్ కిట్టు పెట్టిస్తానంటున్నాడు. ఇంజను విప్పకుండా, కంపెనీ నుంచి ఎలా వచ్చిందో అలాగే ఉంచి, ఎంత ప్రెషర్ దాకా ఎక్కిస్తే ప్రమాదం ఉండదు? ఒక్క అంకె చెప్పండి చాలు" అన్నారు. అంకె చెప్పడం తేలికే, ఆరు పీఎస్‌ఐ. కానీ ఆ అంకెను ఒంటరిగా మీ చేతిలో పెట్టడానికి నాకు మనసొప్పలేదు. దాని చుట్టూ ఉన్నవి చెప్పకపోతే ఆరు కూడా ఎక్కువే. అందుకే కూర్చుని తీరిగ్గా రాస్తున్నాను. మీరు చదివాక అబ్బాయి చేత కూడా చదివించండి.

పీఎస్‌ఐ అనే మాట మనకు కొత్త కాదు. టైర్లలో గాలి పెట్టించేటప్పుడు "ముప్ఫై రెండు పెట్టు" అంటామే, అది పీఎస్‌ఐ లెక్కే. మన చుట్టూ ఉన్న గాలి ఎప్పుడూ 14.7 పీఎస్‌ఐ బరువుతో నొక్కుతూనే ఉంటుంది. వంటింట్లో కుక్కరు విజిల్ వేసే వేళకి లోపల దానికి పైన ఇంకో 15 ఉంటుంది. అంటే సూపర్‌ఛార్జర్ ఇంజన్లోకి అదనంగా తోసే ఆ ఆరు, కుక్కరు ప్రెషర్లో సగం కూడా కాదు. టైరులో ఉన్నదాంట్లో ఐదో వంతు. వినడానికి ఎంత చిన్నదో చూడండి. కుర్రాళ్ళు మోసపోయేది ఇక్కడే. టైరులో మంట లేదు. ఇంజన్లో ఆ ఆరు, మంటకి ముందు కలిసే ఆరు. మంట అంటుకున్నాక అది ఎన్నో రెట్లై పిస్టన్ నెత్తి మీద పడుతుంది.

స్విఫ్ట్ 1.2 పెట్రోలు ఇంజను పిస్టన్ అడ్డకొలత 73 మిల్లీమీటర్లు. టీ సాసరంత కూడా ఉండదు. మామూలుగా యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు దాని మీద పడే ప్రెషర్ 60 బార్ అనుకోండి. లెక్క కడితే ఆ చిన్న పళ్ళెం మీద రెండున్నర టన్నుల బరువు. ఇంజను నిమిషానికి 6,000 చుట్లు తిరుగుతుంటే ఒక్కో సిలిండర్లో ఈ దెబ్బ సెకనుకి 50 సార్లు పడుతుంది. కంపెనీ వాళ్ళు పిస్టనూ కనెక్టింగ్ రాడ్డూ ఈ దెబ్బకీ, దీని మీద కాస్త ఎక్కువకీ తట్టుకునేలా చేస్తారు. ఆ "కాస్త ఎక్కువ" ఎంతో బండి పుస్తకంలో ఎవరూ రాయరు. మనం దాని మీదే బతకాలనుకుంటున్నాం.

నా బల్ల మీద ఒక పిస్టన్ ఉంది. ఈ ఉత్తరం రాస్తుంటే కాగితాలు ఎగిరిపోకుండా దాన్నే పెట్టాను. పైన చూస్తే బాగానే ఉంటుంది. పక్కకి తిప్పితే మొదటి రింగుకీ రెండో రింగుకీ మధ్య అంచు గోరంత విరిగిపోయి కనిపిస్తుంది. ఇది తాండవ నదికి అవతల, పాయకరావుపేటలో మాకు తెలిసిన కుర్రాడి బండిది. ఒక పట్నం షాపులో కిట్టు పెట్టించాడు. మొదట ఏడు పీఎస్‌ఐ, మూడు నెలలు బండి హాయిగా తిరిగింది. తర్వాత పుల్లీ మార్పించి పదకొండు చేయించాడు. సూపర్‌ఛార్జర్‌తో అదొక ఆశ. దాని పుల్లీ ఎంత చిన్నదైతే అది అంత వేగంగా తిరుగుతుంది, అంత ఎక్కువ గాలి తోస్తుంది. ఒక మధ్యాహ్నం పనితో ఏడు పదకొండవుతుంది. మే నెలలో, నలుగురు ఎక్కి, ఏసీ వేసుకుని, రాజమండ్రి నుంచి హైవే మీద వస్తున్నారు. డబ్బాలో గోళీలు వేసి ఊపినట్టు చప్పుడొచ్చిందట. పాటల హోరులో సరిగ్గా వినలేదన్నాడు. అన్నవరం చేరేసరికి వెనక నీలం పొగ, మూడు సిలిండర్ల మీద నడక. హెడ్డు దింపి చూస్తే ఇదీ సంగతి. పిల్లలు క్షేమంగా ఇల్లు చేరారు, అదే పదివేలు. ఆ కుర్రాడు దాచుకున్న డబ్బంతా ఇంజనుకే పోయింది. పిస్టన్ పారేస్తుంటే నేనే అడిగి తెచ్చుకున్నాను.

ఆ గోళీల చప్పుడునే మన షెడ్డుల్లో నాకింగ్ అంటారు. ప్లగ్గు దగ్గర అంటుకున్న మంట, ఆరబెట్టిన వరిగడ్డి మీద పాకినట్టు, ఒక కొస నుంచి రెండో కొసకి వరసగా పాకాలి. ఆ కొసన మిగిలిన మిశ్రమం వేడికీ ఒత్తిడికీ తాళలేక, మంట తన దాకా రాకముందే తనంత తాను భగ్గుమంటే సుత్తి దెబ్బలా తగులుతుంది. కంపెనీ ఇంజన్లలో పోత పోసిన పిస్టన్లుంటాయి. నెమ్మదిగా పడే బరువు బాగానే మోస్తాయి గానీ సుత్తి దెబ్బలు తట్టుకోలేవు. ఇంజన్లు చాలా మటుకు ప్రెషర్‌కి పోవు, ఈ నాకింగ్‌కి పోతాయి. అందుకే నా దృష్టిలో మీ ప్రశ్నకి అసలు రూపం "ఎన్ని పీఎస్‌ఐ?" కాదు. "ఎంత వేడి గాలి?" అన్నదే.

దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను, విసుక్కోకండి. గాలిని నొక్కితే వేడెక్కుతుంది. సైకిలు పంపు కొడితే కింద గొట్టం కాలినట్టు. మన తునిలో మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీల గాలి లోపలికి వెళ్తుందనుకోండి. సాధారణ సూపర్‌ఛార్జర్ దాన్ని ఆరు పీఎస్‌ఐ దాకా నొక్కేసరికి అది 90 డిగ్రీలు దాటి బయటికొస్తుంది. వేడెక్కిన గాలి పలచబడుతుంది కదా. కాబట్టి మీటరు మీద నలభై శాతం ప్రెషర్ పెరిగినట్టు కనిపిస్తుంది, సిలిండర్లోకి నిజంగా చేరే గాలి మాత్రం ఇరవై శాతమే ఎక్కువ. మధ్యలో మంచి ఇంటర్‌కూలర్ పెట్టి ఆ గాలిని 55 డిగ్రీలకి దించగలిగితే అదే ఆరు పీఎస్‌ఐకి ముప్ఫై శాతం పైన దక్కుతుంది, నాకింగ్ భయమూ తగ్గుతుంది. ఇంటర్‌కూలర్ లేకుండా ఎనిమిది పెట్టుకున్నవాడి కంటే, ఇంటర్‌కూలర్‌తో ఐదు పెట్టుకున్నవాడి బండే బలంగా లాగుతుంది, ఎక్కువ రోజులు బతుకుతుంది. చల్లటి దేశాల వాళ్ళు రాసిన అంకెలు తెచ్చి మన కోస్తా ఎండల్లో అలాగే వాడితే కుదరదు. వాళ్ళ గాలి 15 డిగ్రీల దగ్గర మొదలవుతుంది, మనది 40 దగ్గర.

ఇంజన్ల మీద నాకింత ఇష్టం ఎక్కడి నుంచి వచ్చిందని మీరొకసారి అడిగారు. చిన్నప్పుడు మా స్టేషన్లోనే. మద్రాసు-హౌరా లైను మీద, ఇంకా కరెంటు తీగలు రాని రోజుల్లో, డీజిల్ ఇంజను ఆగి బయలుదేరేటప్పుడు ముందు నల్లగా పొగ, ఆ వెనకే సన్నగా మొదలై పెరుగుతూ పోయే ఈల. అది సూపర్‌ఛార్జర్ లాగే ఇంజన్లోకి గాలి తోసే టర్బో శబ్దమని చాలా ఏళ్ళకి తెలిసింది. వారణాసిలో 1964 నుంచి తయారైన ఆ డబ్ల్యూడీఎం-2 ఇంజన్లు 16 సిలిండర్లతో 2,600 హార్స్‌పవర్ ఇచ్చేవి. తర్వాత 1990లలో రైల్వే వాళ్ళు అదే 16 సిలిండర్ల ఇంజను నుంచి 3,100 తీశారు. ఎలా తీశారో మీ అబ్బాయికి చెప్పండి. మెరుగైన టర్బో పెట్టారు. దాంతో ఊరుకోలేదు. గాలిని చల్లబరిచే కూలర్ పెద్దది చేశారు. పిస్టన్లకి ఉక్కు తలలు వేశారు. క్యామ్‌షాఫ్ట్ గట్టిది పెట్టారు. ఇంధనం పంపులు పెద్దవి చేశారు. అంత పెద్ద సంస్థ, అన్ని వర్క్‌షాపులు, అంతమంది ఇంజనీర్లు ఉండి ఇన్ని మార్చాక వాళ్ళు తీసుకున్నది దాదాపు ఇరవై శాతం. ఏమీ మార్చకుండా మనం అంతకంటే ఎక్కువ అడగడం న్యాయమేనా?

మీరు ఇప్పుడేమంటారో నాకు వినిపిస్తూనే ఉంది. "కంపెనీలే టర్బో పెట్టి అమ్ముతున్నాయి కదండీ, వాటికి రాని భయం మనకేనా?" అని. నిజమే. మన ఊళ్ళలో ఇంటింటా తిరిగిన ఆ 1.3 మల్టీజెట్ డీజిల్నే చూడండి. ఫియట్ వాళ్ళది, 1,248 సీసీ, మారుతి, టాటా, ఫియట్ మూడు కంపెనీల బండ్లలోనూ వచ్చింది. ఒక బండిలో 75 హార్స్‌పవర్, ఇంకో బండిలో 90. కంపెనీ వాడు టర్బో రకం మార్చి, ఇంజను కంప్యూటర్‌లో లెక్కలన్నీ తిరగరాసి ఆ పదిహేను తెచ్చాడు. అది చేసే ముందు ఇంజన్లని నెలల తరబడి బల్ల మీద తిప్పి, విరగ్గొట్టి చూసుకుంటాడు. పైగా డీజిల్లో పిస్టన్ నొక్కేది ఉత్త గాలినే కాబట్టి పెట్రోల్లా ముందే అంటుకునే గొడవ ఉండదు, దాని భాగాలూ మొదటి నుంచే బరువైనవి. హైదరాబాద్ రోడ్ల మీద వెనక "కొంప్రెసర్" అని రాసి ఉన్న బెంజి కార్లు చూసే ఉంటారు. అవి సూపర్‌ఛార్జర్ బండ్లే. బెంజి వాళ్ళు ఈ పని 1921లోనే మొదలుపెట్టారు, ఇంజన్ని దానికోసమే కట్టుకునేవారు. మీవాడి స్విఫ్ట్ అలా పుట్టలేదు. తనకి తానుగా పీల్చుకునే గాలికి తగ్గట్టు పుట్టింది. లోపల మిశ్రమాన్ని గట్టిగా నొక్కి, చిన్న ఇంజన్ నుంచి మంచి మైలేజీ ఇచ్చేలా కట్టారు. అలా ముందే గట్టిగా నొక్కే ఇంజనుకి మనం మళ్ళీ పైనుంచి నొక్కుడు కలపాలంటే చోటు తక్కువ.

ఇంకొకటి, ఇది చాలామంది కిట్టు అమ్మేవాళ్ళు చెప్పరు. మామూలు పెట్రోలు బండిలో గాలి ఒత్తిడి కొలిచే సెన్సర్ బయటి గాలి ఒత్తిడి దాకానే చదువుతుంది. దాని పైన ఎంత ఎక్కించినా ఇంజను కంప్యూటర్‌కి కనపడదు. గాలి పెరిగింది, పెట్రోలు పెరగలేదు. అప్పుడు మంట పలచటి మిశ్రమంలో కాలి, వేడి విపరీతమై పిస్టన్ నెత్తి కరిగేదాకా పోతుంది. కాబట్టి పై ఒత్తిడి చదవగల సెన్సరు, పెద్ద ఇంజెక్టర్లు, కంప్యూటర్‌లో కొత్త లెక్క, ఈ మూడూ లేనిదే ఒక్క పీఎస్‌ఐ కూడా ఎక్కించకూడదని నా గట్టి మాట. గట్టిగా తొక్కినప్పుడు ఒక కిలో పెట్రోలుకి పన్నెండు కిలోల గాలికి మించకుండా ఉందో లేదో సైలెన్సర్ గొట్టంలో సెన్సరు పెట్టి కొలిచి చూపించమనండి. చూపించలేనివాడి చేతికి బండి ఇవ్వకండి.

పెట్రోలు సంగతి కూడా అడిగారు. ఇప్పుడు మన బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసినది. ఇథనాల్‌కి నాకింగ్‌ని ఆపే గుణం ఎక్కువ కాబట్టి ఆ మేరకి మనకి మేలే. కానీ ఇథనాల్ పెట్రోలంత శక్తి ఇవ్వదు, అదే పనికి ఎక్కువ పోయాలి. ఇంజెక్టర్ల మీద అప్పటికే బరువు పెరిగి ఉంటుంది. పాత బండి అంటున్నారు, దాని పైపులూ రబ్బరు సీళ్ళూ ఈ పెట్రోలు కోసం చేసినవి కాకపోవచ్చు. ముందు అవి చూపించండి.

అన్నీ కుదిరాయనుకుందాం. అప్పుడు నా అంకెలు ఇవి. ఇంటర్‌కూలర్ లేకపోతే నాలుగు దాటొద్దు. ఇంటర్‌కూలర్ ఉండి, పైన చెప్పిన మూడూ ఉండి, చల్లటి రకం ప్లగ్గులు వేసి, ఇంజను ఆరోగ్యంగా ఉంటే ఐదు, మహా అయితే ఆరు. ఎనిమిది కావాలంటే ఇంజను విప్పి ఫోర్జ్ చేసిన పిస్టన్లూ రాడ్లూ వేయాలి. అప్పుడది కంపెనీ ఇంజను కాదు, మీ ప్రశ్నే మారిపోతుంది. ఆరోగ్యం అంటే నాలుగు సిలిండర్ల కంప్రెషన్ కొలిపించాలి. ఒకదానికొకటి పది శాతం కంటే ఎక్కువ తేడా ఉండకూడదు. లక్ష కిలోమీటర్లు తిరిగి ఆయిల్ తాగుతున్న ఇంజనైతే సున్నా. అందులో మొహమాటం వద్దు. నా కొడుక్కైనా ఇదే చెబుతాను.

చట్టం మాట కూడా ఒక్క ముక్క. బండి కంపెనీ చెప్పిన వివరాలకీ ఆర్‌సీకీ తేడా వచ్చేలా మార్పులు చేయకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే అంది. ఆ ఏడాది సవరణ తర్వాత ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. ఇన్సూరెన్సు వాళ్ళు ఒప్పుకోకపోతే ఎవరికైనా దెబ్బ తగిలిన రోజున బరువంతా మీ మీదే పడుతుంది. ఇదంతా అబ్బాయికి భయపెట్టినట్టు కాకుండా, పక్కన కూర్చోబెట్టుకుని చెప్పండి. వాడి ఇష్టాన్ని తక్కువ చేయకండి. ఆ వయసులో నాకు రైలింజను ఈల వింటే వచ్చిన పులకరింతే ఇప్పుడు వాడికీ ఉంది.

నిన్న సాయంత్రం లోవ గుడికి వెళ్ళాం. తలుపులమ్మ తల్లి దగ్గర బండి పూజలు ఎలా జరుగుతాయో మీకు తెలుసు కదా. కొత్త కార్లు, ట్రాక్టర్లు, ఆటోలు, లారీలు, అన్నిటికీ పసుపూ కుంకుమా, చక్రాల కింద నిమ్మకాయలు. ఒక లారీ డ్రైవరు పూజ అయ్యాక బానెట్టు మీద చేయి పెట్టి కాసేపు అలాగే నిలబడ్డాడు. ఆయన బండి లోడుతో ఎంత పైకి లాగగలదో, ఎక్కడ గేరు దించాలో ఆయనకి తెలుసు. నాకు మీవాడు గుర్తొచ్చాడు.

వాడు ఇంతా విని కూడా కావాలంటే, ముందు కంప్రెషన్ కొలిపించి ఆ చీటీ నాకు పంపండి. నాలుగు అంకెలూ చూసి నా మాట చెబుతాను. మామిడిపళ్ళు అయిపోకముందే మీరిద్దరూ ఒక ఆదివారం తుని రండి. మధ్యాహ్నం మా ఇంట్లో భోజనం, చల్లబడ్డాక లోవ. ఆ పిస్టన్ బల్ల మీదే ఉంటుంది. వాడి చేత్తో తీసి చూడనివ్వండి.

మీ ఆరోగ్యం జాగ్రత్త. మోకాళ్ళ సంగతి తప్పకుండా రాయండి.

ఇట్లు,
మీ తుని నేస్తం